గుర్రాల కాలనీలో ఇల్లు కొంటున్నారా? ఫీజు నుంచి వేలం దాకా తెలియాల్సిన సంగతులు

అమెరికాలో డల్లస్‌కు ఉత్తరాన ఉన్న డెంటన్ కౌంటీ గుర్రాల ఫారాలకు పేరున్న ప్రాంతం. పక్కనే ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. పిల్లలు కాస్త పెద్దయ్యాక, ఇండియా నుంచి అమ్మీ అబ్బాలను తెచ్చుకున్నాక, ఇరుకు ప్లాటు వదిలి ఎకరం రెండెకరాల్లో ఇల్లు చూసుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. అలా వెతికేటప్పుడు తగిలేవే ‘ఈక్వెస్ట్రియన్ కమ్యూనిటీ’లు. అంటే ఊరి బయట, గుర్రాలు పెంచుకునే వాళ్ల కోసం వేసిన కాలనీలు. తెల్ల కంచెలు, స్వారీ బాటలు, పచ్చిక బయళ్లు. ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసవుతుంది.

ఇల్లు బాగుంది, బడి బాగుంది, నెలవారీ వాయిదా మన చేతిలోనే ఉంది అని లెక్క వేసుకుంటాం. హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఫీజు, అంటే హెచ్‌ఓఏ ఫీజు, మాత్రం చివర్లో ఒక లైనుగా కనిపిస్తుంది. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిదే కదా అనుకుని సంతకం పెట్టేస్తాం. రెండింటికీ ఉన్న తేడా చిన్నది కాదు. ఇక్కడ మెయింటెనెన్స్ కట్టకపోతే వాచ్‌మన్ వచ్చి అడుగుతాడు, వాట్సాప్ గ్రూపులో పేరు పెడతారు, మహా అయితే నోటీసు ఇస్తారు. అక్కడ అదే బకాయి ఇంటి మీద హక్కుగా నమోదవుతుంది. దాన్ని ‘లియన్’ అంటారు. ఆ లియన్ ముదిరితే ఇల్లు వేలానికి వెళ్తుంది, బ్యాంకు వాయిదాలు ఒక్కటి తప్పకుండా కడుతున్నా సరే.

ఇది బెదిరింపు మాట కాదు. 2001లో హ్యూస్టన్ ప్రాంతంలో ఒక వృద్ధురాలి ఇంటిని సుమారు 800 డాలర్ల బకాయి కోసం వేలం వేశారు. ఆ ఇంటి విలువ లక్షన్నర డాలర్లు. పెద్ద గొడవై, చివరికి ఇల్లు ఆమెకు తిరిగి దక్కింది. అదే ఏడాది టెక్సస్ శాసనసభ ఇంటి యజమానుల రక్షణకు ఒక చట్టం చేసింది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లో 209వ అధ్యాయం అంటే అదే. అది కాలనీ ఇళ్లకు వర్తిస్తుంది, ఫ్లాట్ల లాంటి కాండోమినియంలకు కాదు. ఈ వ్యాసంలో ముందు టెక్సస్ లెక్కే చెబుతున్నాం, ఇతర రాష్ట్రాల సంగతి తర్వాత.

కొనేది ఇల్లు ఒక్కటే కాదు

కాలనీ వేసేటప్పుడే డెవలపర్ ఒక పత్రం రాసి కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేస్తాడు. దాన్ని డిక్లరేషన్ అంటారు, వాడుకలో సీసీ అండ్ ఆర్ అంటారు. అందులో ఉన్న షరతులు మనిషిని కాదు, భూమిని పట్టుకుని ఉంటాయి. ఎవరు కొన్నా వాళ్లకు అంటుకుంటాయి. ‘నేను చదవలేదు’, ‘ఏజెంట్ చెప్పలేదు’ అనే మాటలు కోర్టులో నిలవవు. దాని కింద బైలాస్ ఉంటాయి. అసోసియేషన్ ఎన్నికలు, బోర్డు, మీటింగుల సంగతి అందులో. ఇంకా కింద, బోర్డు చేసుకునే రోజువారీ రూల్స్. గుర్రాలకు సంబంధించిన చాలా పితలాటకాలు ఈ మూడో పత్రంలోనే దాక్కుంటాయి, ఎందుకంటే దాన్ని మార్చడం తేలిక. డిక్లరేషన్ మార్చాలంటే టెక్సస్‌లో మొత్తం ఓట్లలో 67 శాతం కావాలి, పత్రంలో అంతకంటే తక్కువ అని రాసి ఉంటే తప్ప.

ఈ షరతులు ఎంత దూరం వెళ్తాయో చూడాలంటే కాలిఫోర్నియాలోని రోలింగ్ హిల్స్ మంచి ఉదాహరణ. లాస్ ఏంజెలెస్ దగ్గర కొండ మీద ఉన్న గేట్ల ఊరు అది. అక్కడి కమ్యూనిటీ అసోసియేషన్ 1936 నాటిది. 1957లో అది నగరంగా కూడా ఏర్పడింది. అక్కడ ఇల్లు ఒకే అంతస్తులో రాంచ్ పద్ధతిలో ఉండాలి, రంగు తెలుపు. కంచె కూడా తెలుపే, అడ్డంగా మూడు కమ్ములతో. మీకు గుర్రం లేకపోయినా గుర్రపుశాలకు, గుర్రం తిరగడానికి స్థలం విడిచిపెట్టి ఉంచాలి. ఆ స్థలంలో స్విమ్మింగ్ పూల్ కట్టుకుందామంటే కుదరదు. డబ్బు మీది, స్థలం మీది, నిర్ణయం మాత్రం పూర్తిగా మీది కాదు.

పాత కాలనీల పత్రాల్లో ఇంకో విషయం కనిపించవచ్చు. 1930లు, 40లలో రాసిన కొన్ని డిక్లరేషన్లలో ఫలానా జాతివాళ్లకు అమ్మకూడదనే వాక్యాలు ఉండేవి. అలాంటివి కోర్టుల ద్వారా అమలు చేయడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో చెప్పింది. 1968 ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ జాతి, మతం పేరుతో ఇంటి విషయంలో వివక్షను నిషేధించింది. కాగితంలో ఆ వాక్యం ఇంకా కనపడితే కంగారు పడనక్కర్లేదు, దానికి బలం లేదు.

‘గుర్రాలకు అనుమతి ఉంది’ అంటే ఎన్నింటికి?

ప్రకటనలో ఉండేది ఒక్క ముక్కే: గుర్రాలు పెంచుకోవచ్చు. అసలు సంగతి రూల్స్‌లో ఉంటుంది. ఎకరానికి ఇన్ని గుర్రాలు అని లెక్క పెడతారు. కొన్నిచోట్ల ఇల్లు, డ్రైవ్‌వే ఆక్రమించిన స్థలం తీసేసి మిగిలిన పచ్చికనే లెక్కలోకి తీసుకుంటారు. అప్పుడు రెండెకరాల ప్లాటు ఒకటిన్నరకు వస్తుంది. ఆడగుర్రం ఈనితే పిల్లను కూడా లెక్కిస్తారా, పాలు మానేదాకా వదిలేస్తారా అనేది కూడా రాసి ఉంటుంది. మగగుర్రాన్ని, అంటే బీజం తీయని దాన్ని, పూర్తిగా నిషేధించే కాలనీలు ఉన్నాయి. పక్కింటి గుర్రాన్ని డబ్బు తీసుకుని మన సాలలో కట్టుకోవడం ‘బోర్డింగ్’ కిందకు వస్తుంది. దాన్ని వ్యాపారం అని ఆపేస్తారు. కొత్త గుర్రాన్ని తెచ్చేముందు కాగిన్స్ పరీక్ష నెగెటివ్ అని పన్నెండు నెలల్లోపు తీసిన కాగితం అడగడం చాలా చోట్ల ఉంది. గుర్రాలకు వచ్చే ఒక ప్రాణాంతక రక్తహీనత వ్యాధిని పట్టే పరీక్ష అది. దానికి మందు గానీ టీకా గానీ లేవు కాబట్టి ఈ రూల్ మీద ఎవరూ గొడవ పెట్టుకోకపోవడమే మంచిది.

లద్దె సంగతి నవ్వుకునే విషయంగా అనిపిస్తుంది కానీ జరిమానాలు ఎక్కువగా దాని దగ్గరే మొదలవుతాయి. సుమారు 1,000 పౌండ్ల గుర్రం రోజుకు దాదాపు 50 పౌండ్ల లద్దె, మూత్రం విడుస్తుంది. అంటే మన లెక్కలో 22 కిలోల పైచిలుకు. ఏడాదికి ఒక్క గుర్రానికే ఎనిమిది టన్నులు దాటుతుంది, పైగా కింద పరిచే రంపపు పొట్టు అదనం. దాన్ని ఎక్కడ పోగు చేయాలి, పక్క హద్దుకు ఎంత దూరంలో, ఎన్ని రోజులకు ఎత్తించాలి, ఎవరితో ఎత్తించాలి అన్నీ రాసి ఉంటాయి. ఫ్లోరిడాలో గుర్రపు పోటీలకు పేరున్న వెల్లింగ్టన్‌లో అయితే కాలనీ రూల్‌తో పాటు స్థానిక ప్రభుత్వ నిబంధన కూడా ఉంది. ఆ వ్యర్థంలోని భాస్వరం వాన నీటితో కలిసి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల వైపు వెళ్తుందనేది కారణం. ఎత్తించే ఖర్చు హెచ్‌ఓఏ ఫీజులో కలిసి ఉందా, విడిగా కట్టాలా అని ముందే అడగాలి. చాలాచోట్ల విడిగానే.

కంచె విషయంలో ముళ్లతీగ వద్దంటారు, గుర్రం కాళ్లు చీరుకుపోతాయి కాబట్టి. ట్రైలర్ బండి రోడ్డు మీద నుంచి కనపడకుండా పెట్టాలంటారు. సాల కట్టాలంటే ఆర్కిటెక్చరల్ కమిటీ అనుమతి కావాలి. ప్లాను, రంగు, పైకప్పు రకం అన్నీ ముందే చూపించాలి. అనుమతి లేకుండా కట్టి, తర్వాత విప్పించిన సాలలకు అయ్యే ఖర్చు ఏ జరిమానా కంటే ఎక్కువే. స్వారీ బాట మన స్థలం మీదుగా పోతే అది ‘ఈజ్‌మెంట్’, అంటే మిగతావాళ్లకు దారి హక్కు. దాని మీద చెట్టు నాటలేం, గేటు పెట్టలేం, అయినా ఆ స్థలానికి ఆస్తి పన్ను మనమే కడతాం.

మన కుటుంబాలు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన మాట ఒకటుంది. గుర్రాలకు అనుమతి ఉంది కదా, మేకలూ కోళ్లూ కూడా పెంచుకోవచ్చు అనుకోవద్దు. చాలా కాలనీలు గుర్రం తప్ప ఇతర పశువులను పేరు పెట్టి నిషేధిస్తాయి. బకరీద్‌కు నాలుగు రోజుల ముందు తెచ్చి కట్టుకున్నా అది ఉల్లంఘనే. మతపరమైన బలిని లక్ష్యంగా చేసుకున్న స్థానిక చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు 1993లో హైలియా నగరం కేసులో కొట్టేసింది నిజమే. కానీ ఆ తీర్పు ప్రభుత్వానికి సంబంధించింది. హెచ్‌ఓఏ ప్రభుత్వం కాదు, మీరు సంతకం పెట్టి ఒప్పుకున్న ప్రైవేటు ఒప్పందం. అందుకే అక్కడ ఖుర్బానీ లైసెన్స్ ఉన్న ఫారంలోనో కబేళాలోనో చేయించుకోవడమే సురక్షితం. అలాగని అన్నిటికీ తలవంచాల్సిన పని లేదు. గుమ్మం మీదా ఇంటి ఆవరణలో మతపరమైన గుర్తులు పెట్టుకునే హక్కును టెక్సస్ చట్టం కాపాడుతుంది. 2021లో ఆ హక్కును ఇంకా విస్తరించారు. రూల్ అందరికీ ఒకేలా అమలు చేయకుండా ఒక మతం వాళ్ల మీదే ప్రయోగిస్తే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ కింద ఫిర్యాదు చేయవచ్చు.

ఫీజులో ఏముంది, ఏం లేదు

గుర్రాల కాలనీలు స్థూలంగా రెండు రకాలు. ఒకదానిలో ఎవరి స్థలంలో వాళ్లు సాల కట్టుకుంటారు, ఉమ్మడిగా ఉండేది రోడ్డు, గేటు, బాటలు మాత్రమే. ఇంకోదానిలో ఉమ్మడి సాల, స్వారీ మైదానం, పనివాళ్లు, లైట్లు, ఇన్సూరెన్స్ అన్నీ అసోసియేషన్‌వే. మొదటిదానిలో ఫీజు ఏడాదికి కొన్ని వందల డాలర్లే కావచ్చు, రెండోది వేలల్లో ఉంటుంది. తక్కువ ఫీజు చూసి సంతోషించే ముందు ఆ కాలనీ రోడ్లు ఎవరివో అడగాలి. ఊరి బయటి కాలనీల్లో రోడ్లు ప్రైవేటుగా ఉండటం మామూలు. కౌంటీ వాటిని ముట్టుకోదు. గుంత పడినా, కల్వర్టు కొట్టుకుపోయినా బాగు చేయించేది ఇంటి యజమానులే.

ఇక్కడే రిజర్వ్ ఫండ్ లెక్క వస్తుంది. రోడ్డు, గేటు, మైదానం పైకప్పు లాంటివి ఇరవై ఏళ్లకోసారి మార్చాల్సిన ఖర్చులు. వాటికి ఏటా కొంత పక్కన పెట్టకపోతే ఆ రోజు వచ్చినప్పుడు అందరి మీదా ‘స్పెషల్ అసెస్‌మెంట్’ పడుతుంది. ఉదాహరణకు ఎనభై ఇళ్ల కాలనీలో రోడ్డు మళ్లీ వేయడానికి 4 లక్షల డాలర్లు కావాలనుకుందాం. రిజర్వులో 40 వేలే ఉంటే మిగతా 3 లక్షల 60 వేలను ఎనభైతో భాగించాలి. ఇంటికి 4,500 డాలర్లు, ఒక్క నోటీసుతో. మొన్ననే కొన్నవాళ్లు కూడా అంతే కట్టాలి. పదేళ్లుగా ఫీజు ఒక్కసారి కూడా పెరగలేదని గొప్పగా చెప్పుకునే కాలనీ బ్యాలెన్స్ షీటును రెండుసార్లు చూడటం మంచిది. చాలా సందర్భాల్లో అది పొదుపు కాదు, వాయిదా వేసిన అప్పు.

మరో చిక్కు చాలామందికి అనుభవంలోకి వచ్చాకే తెలుస్తుంది. ఇంటి రుణం ఇచ్చిన సంస్థ నెలవారీ వాయిదాతో పాటు ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్ డబ్బు కలిపి తీసుకుని ఎస్క్రో ఖాతా ద్వారా కట్టేస్తుంది. హెచ్‌ఓఏ ఫీజు మామూలుగా అందులో ఉండదు. వడ్డీ లేకుండా ఇస్లామిక్ ఫైనాన్స్ సంస్థల ద్వారా, భాగస్వామ్య పద్ధతిలో కొన్న ఇళ్లకు కూడా ఫీజు బాధ్యత సాధారణంగా ఇంట్లో ఉండేవాళ్లదే. ‘అన్నీ కట్ అయిపోతున్నాయి కదా’ అనుకుని హెచ్‌ఓఏ బిల్లు మర్చిపోయి, ఆరు నెలలకు లాయర్ నోటీసు అందుకోవడం కొత్త కాదు. డిక్లరేషన్‌లో రాసి ఉంటే ఆలస్యానికి పెనాల్టీతో పాటు వడ్డీ కూడా వేస్తారు. వడ్డీకి దూరంగా ఉండాలని కష్టపడి ఆ పద్ధతిలో ఇల్లు కొన్నవాళ్లు ఈ చిన్న బిల్లు దగ్గర వడ్డీ కట్టాల్సి రావడం బాధగానే ఉంటుంది. ఆటోపే పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

పన్ను తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట

టెక్సస్‌లో వ్యవసాయ భూమికి మార్కెట్ ధర మీద కాకుండా అది ఇచ్చే పంట విలువ మీద పన్ను వేస్తారు. చాలా పెద్ద తేడా వస్తుంది. అందుకే ‘ఎకరాలు ఉన్నాయి, గుర్రం పెడితే పన్ను తగ్గుతుంది’ అని ఏజెంట్లు అంటుంటారు. సరదాగా స్వారీ కోసం పెంచే గుర్రానికి అది రాదు. గుర్రాల పెంపకం, అంటే పిల్లలను తీయించి అమ్మడం లాంటి పని జరగాలి. ఇంకా, ముందటి ఏడేళ్లలో అయిదేళ్లు ఆ భూమిలో వ్యవసాయం జరిగి ఉండాలి. కనీసం ఎంత స్థలం ఉండాలనేది స్థానిక అప్రైజల్ డిస్ట్రిక్ట్ చూస్తుంది.

కాలనీ రూల్ ఏమో వ్యాపారం వద్దంటుంది. పన్ను తగ్గాలంటే పెంపకం జరగాలి, పెంపకం చేస్తే హెచ్‌ఓఏ నోటీసు వస్తుంది. గడ్డి కోసి అమ్మే ఏర్పాటు లాంటి దారులు కొన్ని కాలనీల్లో ఉన్నాయి, కానీ అది ముందే తేల్చుకోవాలి. వ్యవసాయ లెక్కలో ఉన్న స్థలం కొని దాన్ని మామూలు ఇంటి స్థలంగా మారిస్తే వెనక్కి మూడేళ్ల పన్ను తేడా కట్టమంటారు. రోల్‌బ్యాక్ టాక్స్ అంటారు దాన్ని. 2019 దాకా అది అయిదేళ్లు ఉండేది, 2021 దాకా వడ్డీ కూడా ఉండేది.

నోటీసు వచ్చాక ఏం చేయాలి

అమెరికాలో సొంత ఇంటిని, అంటే హోమ్‌స్టెడ్‌ను, అప్పులవాళ్ల నుంచి కాపాడటంలో టెక్సస్‌కు పెద్ద పేరు. క్రెడిట్ కార్డు అప్పుకు ఇల్లు పోదు. హెచ్‌ఓఏ ఫీజు మాత్రం మినహాయింపు. ఇల్లు కొనకముందే ఆ షరతు భూమి మీద ఉంది కాబట్టి హోమ్‌స్టెడ్ రక్షణ దానికి అడ్డురాదని టెక్సస్ సుప్రీంకోర్టు 1987లో ఇన్‌వుడ్ కేసులో తేల్చింది.

అయితే ఫీజు వేరు, జరిమానా వేరు. బకాయి మొత్తం జరిమానాలు, వాటి తాలూకు లాయర్ ఖర్చులు మాత్రమే అయితే ఇంటిని వేలం వేయడానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు. అందుకే గొడవ ఉన్న జరిమానా మీద కోపంతో మామూలు ఫీజు కట్టడం ఆపేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆ క్షణంలో మీరే వాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టు. ఫీజు కడుతూనే జరిమానా మీద పోరాడాలి. కట్టిన డబ్బును ముందు ఫీజు బకాయికి, తర్వాత ప్రస్తుత ఫీజుకు, ఆ తర్వాత లాయర్ ఖర్చులకు, ఆపైనే జరిమానాలకు జమ చేయాలని కూడా చట్టం వరుస పెట్టింది.

జరిమానా వేసే ముందు రిజిస్టర్డ్ తరహాలో, సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి. సరిచేసుకోగలిగిన తప్పయితే తగిన గడువు ఇవ్వాలి. నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజుల్లోపు మీరు బోర్డు ముందు హియరింగ్ అడగవచ్చు. రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో కాదు. అసోసియేషన్‌లో ఏ తప్పుకు ఎంత జరిమానా అనే పట్టిక కూడా ఉండాలని 2024 జనవరి నుంచి నిబంధన ఉంది, దాని కాపీ అడిగి తీసుకోండి. ఇండియా వెళ్లినప్పుడు ఈ నోటీసులు పోస్టు బాక్సులో పడి ఉండిపోవడం మనవాళ్లకు జరిగే నష్టాల్లో ఒకటి. రెండు నెలల సెలవులో గడ్డి పెరిగింది, కంచె కమ్మి ఊడింది, నోటీసు వచ్చింది, గడువు దాటింది. ఊరెళ్లే ముందు ఎవరికైనా పోస్టు చూడమని చెప్పి వెళ్లాలి.

ఫీజు బకాయి పడినా ఒక్కరోజులో ఇల్లు పోదు. లియన్ నమోదు చేసేముందు రెండు నోటీసులు రావాలి, రెండోది పంపిన తర్వాత 90 రోజులు ఆగాలి. 14 ప్లాట్ల కంటే పెద్ద కాలనీ అయితే వాయిదాల పద్ధతి ఇవ్వాల్సిందే, కనీసం మూడు నెలలు. కాకపోతే గత రెండేళ్లలో అలాంటి వాయిదా ఒప్పందం తప్పినవాళ్లకు మళ్లీ ఇవ్వనక్కర్లేదు. కాబట్టి మోయగలిగినంతే ఒప్పుకోవాలి. వేలానికి ముందు కోర్టు ఆర్డర్ తీసుకోవాలి. వేలం అయిపోయినా, ఆ సంగతి అసోసియేషన్ మీకు రాసి పంపిన నాటి నుంచి 180 రోజుల్లోపు డబ్బు కట్టి ఇల్లు వెనక్కి తీసుకునే హక్కు ఉంది. ఈ గడువు తెలియక ఆశ వదులుకోవద్దు.

మిగతా రాష్ట్రాల్లో లెక్క వేరు. ఫ్లోరిడాలో జరిమానా రోజుకు 100 డాలర్లు, మొత్తం 1,000 డాలర్లు దాటకూడదు, పత్రాల్లో ఎక్కువ రాసి ఉంటే తప్ప. వెయ్యి కంటే తక్కువ జరిమానా లియన్ కాలేదు. కాలిఫోర్నియాలో ఫీజును ఏడాదికి 20 శాతం మించి పెంచాలంటే సభ్యుల ఓటు కావాలి. ఫీజు బకాయి 1,800 డాలర్లు దాటితేనో, 12 నెలలు నిండితేనో తప్ప వేలానికి వెళ్లలేరు. 2025 జూలై నుంచి అక్కడ చాలా జరిమానాలకు 100 డాలర్ల హద్దు కూడా పెట్టారు.

కొనేముందు, అమ్మేటప్పుడు

టెక్సస్‌లో కొనేవాళ్లు ‘రీసేల్ సర్టిఫికెట్’ అడగాలి. ఆ ఇంటి మీద ఉన్న బకాయిలు, తెలిసిన ఉల్లంఘనలు, అసోసియేషన్ బడ్జెట్, రిజర్వ్ మొత్తం, నడుస్తున్న కోర్టు కేసులు అందులో ఉంటాయి. అడిగిన 10 పనిదినాల్లో ఇవ్వాలి, దానికి 375 డాలర్ల కంటే ఎక్కువ తీసుకోకూడదు. పాత యజమాని అనుమతి లేకుండా కట్టిన సాల ఉంటే ఆ సంగతి ఇందులోనే బయటపడాలి. లేదంటే దాన్ని విప్పే ఖర్చు కొత్త యజమాని మీద పడుతుంది.

కాలనీ ఇంకా కొత్తదైతే ఓట్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలి. ప్లాట్లు అమ్ముడయ్యేదాకా బోర్డును డెవలపరే నడుపుతాడు. 75 శాతం ప్లాట్లు అమ్ముడైన తర్వాత 120 రోజుల్లోపు బోర్డులో కనీసం మూడోవంతు మందిని ఇంటి యజమానులే ఎన్నుకోవాలనేది టెక్సస్ నియమం. అంతవరకు బ్రోచర్‌లో బొమ్మ వేసిన స్వారీ మైదానం ఎప్పుడు కడతారనేది డెవలపర్ దయ. రాతలో తేదీ లేని హామీకి ధర కట్టొద్దు.

అమ్మేటప్పుడు ట్రాన్స్‌ఫర్ ఫీజు ఉంటుంది. కొన్ని కాలనీల్లో కొత్తగా వచ్చేవాళ్ల నుంచి రిజర్వ్ ఫండ్‌కు ఒకసారి కట్టే మొత్తం కూడా తీసుకుంటారు. ఇది మీరు కడతారా, కొనేవాళ్లు కడతారా అనేది కొనుగోలు ఒప్పందంలో రాయించుకోవాలి. లద్దె గుంత, విరిగిన కంచె కమ్ములు లిస్టింగ్ పెట్టకముందే బాగు చేయించుకుంటే సర్టిఫికెట్‌లో ఉల్లంఘన అనే మాట రాకుండా ఉంటుంది.